మన వీధికి పచ్చదనం – చెత్తకుప్ప నుంచి చిన్న పార్కు దాకా



పచ్చదనం, పరిశుభ్రత గురించి వ్యాసం రాయమంటే మనలో ప్రతి ఒక్కరూ రెండు పేజీలు అవలీలగా రాసేస్తారు. అశోక చక్రవర్తి దారుల వెంట చెట్లు నాటించాడని మొదలుపెడతాం. చెట్లు ప్రాణవాయువు ఇస్తాయని చెప్పి, అందరూ మొక్కలు నాటాలని ముగిస్తాం. మార్కులు కూడా బాగానే వస్తాయి. కాని సెలవులకు ఇంటికి వెళ్లి చూస్తే మన వీధి మాత్రం అలాగే ఉంటుంది. మలుపులో చెత్తకుప్ప, పక్కనే పూడిపోయిన కాలువ, కూలిన గోడ వెనుక వయ్యారిభామ, సర్కారు తుమ్మ. ఎండాకాలంలో నిలబడటానికి అడుగు నీడ ఉండదు.

అటువంటి వీధిని అక్కడ ఉండేవాళ్లే అందంగా మార్చుకోగలరా? మార్చుకున్న చోట్ల ఏమి చేశారు? మనం చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ మూడు ప్రశ్నలకు తెలిసినంతలో జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వీధి ఎందుకు పాడుబడుతుంది?

మన వాడలు చాలా ఊళ్లలో ఒక చివర, పల్లపు భాగంలో ఉంటాయి. ఊరి నీళ్లు అటే పారుతాయి. సిమెంటు రోడ్డు, కాలువ, వీధి దీపం అన్నీ ఆఖరున అక్కడికి చేరుతాయి. ఇది మొదటి కారణం.

రెండో కారణం ఖాళీ స్థలం. పడిపోయిన ఇల్లు, వాడని బావి, రెండు వీధులు కలిసే మూల, నీళ్ల ట్యాంకు కింద జాగా ఎవరి బాధ్యతా కావు. ఒకరు ఒక సంచి చెత్త వేస్తే, మరునాటికి అది చెత్త వేసే చోటుగా మారిపోతుంది. ఒకసారి అలా పేరు పడ్డాక ఊడ్చినా నిలవదు. ఊడ్చిన చోట ఏదో ఒకటి రావాలి. అరుగో, చెట్టో, పూలమడో ఉంటే అక్కడ చెత్త వేయడానికి చేయి వెనుకాడుతుంది.

పచ్చదనం వల్ల నిజంగా మేలుందా?

మేలు ఉందని మాటగా అందరూ అంటారు. పరీక్షించి చూసినవారు కూడా ఉన్నారు. అమెరికాలోని రోజర్ ఉల్రిచ్ అనే శాస్త్రవేత్త పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మంది రోగుల రికార్డులను పరిశీలించి 1984లో ఫలితాలు ప్రకటించాడు. వారిలో 23 మంది గది కిటికీలోంచి చెట్లు కనిపించేవి. మిగతా 23 మందికి ఇటుక గోడ కనిపించేది. చెట్లు కనిపించినవారు సగటున ముప్పావు రోజు ముందుగా ఇంటికి వెళ్లారు. వారు తీసుకున్న బలమైన నొప్పి మందులు కూడా తక్కువే.

ఇంతకంటే మనకు దగ్గరగా ఉన్న ఉదాహరణ ఫిలడెల్ఫియా నగరానిది. అక్కడి పేదల పేటల్లో పాడుబడ్డ ఖాళీ స్థలాలు వేల సంఖ్యలో ఉండేవి. పరిశోధకులు వాటిలో 541 స్థలాలను లాటరీ పద్ధతిలో విడదీశారు. కొన్నింటిలో చెత్త తీసి, నేల చదును చేసి, గడ్డి, కొద్దిపాటి చెట్లు వేసి, చుట్టూ పొట్టి చెక్క కంచె కట్టారు. తర్వాత క్రమం తప్పకుండా చూసుకున్నారు. కొన్నింటిలో చెత్త మాత్రమే తీశారు. మరికొన్నింటిని అలాగే వదిలేశారు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం, పచ్చదనం వేసిన స్థలాల దగ్గర నివసించేవారిలో మనసు కుంగినట్లుందని చెప్పడం, అలాగే వదిలేసిన చోట్లతో పోలిస్తే 41.5 శాతం తగ్గింది. బాగా పేద పేటల్లో తుపాకీ నేరాలు 29 శాతం తగ్గాయి. చెత్త మాత్రమే తీసిన చోట మనసు విషయంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు.

ఆ స్థలాల్లో ఫౌంటెన్లు, విగ్రహాలు ఏమీ పెట్టలేదని గమనించండి. గడ్డి, నాలుగు చెట్లు, చిన్న కంచె, ఆ తర్వాత క్రమం తప్పని సంరక్షణ. పని మొత్తం ఇంతే.

ఎడిన్‌బరో సందుల్లో ఒక వృక్షశాస్త్రవేత్త

ప్యాట్రిక్ గెడ్డెస్ (1854–1932) స్కాట్లాండ్ దేశస్థుడు, వృక్షశాస్త్రం చదివినవాడు. ఆ కాలంలో ఎడిన్‌బరో పాత పట్టణం ఇరుకు సందులతో, మురుగుతో నిండి ఉండేది. డబ్బున్నవారు కొత్త పట్టణానికి వెళ్లిపోగా పేదవారు మిగిలారు. గెడ్డెస్ తన భార్య అన్నాతో కలిసి 1887లో ఆ పాత పట్టణంలోని జేమ్స్ కోర్ట్ అనే చోటికి కాపురం మార్చాడు. ఇరుగుపొరుగువారితో కలిసి ఊడ్చి, గోడలకు రంగులు వేసి, కిటికీల దగ్గర, ముంగిళ్లలో మొక్కలు పెంచడం మొదలుపెట్టారు.

తర్వాత ఆయన సహచరులు పాత పట్టణంలోని ఖాళీ జాగాలన్నీ తిరిగి లెక్క రాశారు. 75 ముక్కలు తేలాయి. అన్నీ కలిపితే సుమారు 10 ఎకరాలు! చోటు లేదని అందరూ అనుకునే పేటలో 10 ఎకరాలు చెత్త కింద పడి ఉందన్నమాట. వాటిలో కొన్నింటిని ఒకటొకటిగా తోటలుగా మార్చారు. గెడ్డెస్ కుమార్తె నోరా ఆ తోటల పనిలో ముఖ్యపాత్ర వహించింది. పిల్లలు ఆడుకోవడానికి, ముసలివారు కూర్చోవడానికి అవి పనికివచ్చాయి.

మనం నేర్చుకోవలసింది ఆ లెక్క రాయడమే. మొక్క కంటే ముందు నోటుబుక్కు కావాలి.

ఇండోర్ దీపావళి ఊరేగింపు

గెడ్డెస్ 1914లో మన దేశానికి వచ్చాడు. మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లాండ్ ఆహ్వానం మీద మద్రాసు ప్రెసిడెన్సీలోని పట్టణాలు తిరిగాడు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే. ఇరుకు పేటలను పూర్తిగా పడగొట్టి వెడల్పు రోడ్లు వేయాలనే ఇంజనీర్ల పథకాలను ఆయన వ్యతిరేకించాడు. శిథిలమైన ఒకటి రెండు ఇళ్లు మాత్రం తీసి, ఆ జాగాలో చెట్టు నాటి చిన్న చౌకు చేస్తే గాలి, వెలుతురు వస్తాయి, ఇళ్లు నిలుస్తాయి, ఖర్చు తగ్గుతుంది అని వాదించాడు.

హోల్కర్ సంస్థాన రాజధాని ఇండోర్‌లో ఆయన 1917 ప్రాంతంలో ఒక వింత పని చేశాడు. అప్పుడు పట్టణాన్ని ప్లేగు పీడిస్తోంది. దీపావళికి పెద్ద ఊరేగింపు ఉంటుందని, ఏ పేట తమ వీధులను బాగా శుభ్రం చేసుకుంటే ఊరేగింపు ఆ దారినే వెళుతుందని ప్రకటించారు. జనం పోటీపడి ఇళ్లు బాగుచేసుకున్నారు. బండ్ల కొద్దీ చెత్త బయటకు పోయింది. ఊరేగింపులో వీధులు ఊడ్చే కార్మికులు కొత్త బట్టలు, తలపాగాలతో గౌరవంగా నడిచారు. చివరన తులసి మొక్కలు పంచిపెట్టారు.

వీధి శుభ్రతలో చీపురు పట్టిన మనిషి గౌరవం కూడా భాగమని ఆ ఊరేగింపు చూపించింది. ఊడ్చేవారిని దూరంగా నిలబెట్టి వీధి అందం గురించి మాట్లాడటంలో అర్థం లేదు. ఈ మాట మన తల్లిదండ్రులకు పాఠం చెప్పినట్లు చెప్పనవసరం లేదు, వారికి అనుభవమే.

అందం పేరుతో అన్యాయం

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. నగరం అందంగా కనిపించాలంటూ పేదలను తొలగించిన సందర్భాలూ ఉన్నాయి. ఎమర్జెన్సీ కాలంలో, 1976 ఏప్రిల్‌లో, ఢిల్లీ టర్క్‌మన్ గేట్ దగ్గర ఇళ్లు కూల్చారు. అడ్డుకున్నవారిపై పోలీసులు కాల్పులు జరపగా ప్రాణాలు పోయాయి. పార్కు రావచ్చు, కాని అక్కడ కూర్చోవలసినవారే లేకుండా పోతే ఆ పార్కు ఎవరికి?

కాబట్టి వీధి పనిలో ఒక నియమం పెట్టుకోవాలి. ఎవరి గుడిసె, ఎవరి తోపుడు బండి, ఎవరి చెప్పులు కుట్టే చోటు, ఎవరి ఇస్త్రీ బల్ల మన మొక్క కోసం పోకూడదు. పైగా ఆ మొక్క నీడ ముందుగా వారికే దక్కాలి. రోజంతా వీధిలో ఉండేది వారే కాబట్టి మొక్కకు కాపలా కూడా వారే అవుతారు.

రాజ్యాంగం ఏమి చెబుతోంది?

1923లో బొంబాయి శాసనమండలి ప్రజా బావులు, చెరువులు అందరికీ తెరవాలని తీర్మానించింది. 1924లో మహాడ్ మునిసిపాలిటీ తమ చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ తీర్మానం చేసింది. కాని ఆ తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది. 1927 మార్చి 20న డాక్టర్ అంబేడ్కర్ వేలాది మందితో కలిసి నడిచివెళ్లి ఆ చెరువు నీళ్లు తాగారు. ప్రజల సొమ్ముతో నడిచే స్థలం ప్రజలందరిదీ అనే హక్కును ఆ రోజు ఆచరణలో పెట్టారు.

ఆ హక్కు తర్వాత రాజ్యాంగంలోకి వచ్చింది. 15(2) అధికరణం ప్రకారం ప్రభుత్వ నిధులతో నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు చేరే స్థలాల వాడకం విషయంలో కులం, మతం, లింగం, పుట్టిన చోటు పేరుతో ఎవరినీ అడ్డుకోరాదు. పార్కు కూడా ప్రజలు చేరే స్థలమే. అంటే ఊరి మధ్య ఉన్న పార్కు మనదీ, మన వాడలో వచ్చే పార్కు ఊరందరిదీ.

1976లో వచ్చిన 42వ సవరణ ద్వారా 51-ఎ(జి) కింద పర్యావరణాన్ని కాపాడటం పౌరుల విధి అయింది. 1992 నాటి 74వ సవరణతో చేరిన 12వ షెడ్యూలులో పార్కులు, తోటలు, ఆటస్థలాలు మునిసిపాలిటీల పనుల జాబితాలోకి వచ్చాయి. తెలంగాణ 2019 మునిసిపాలిటీల చట్టం ప్రకారం మునిసిపల్ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అధికారి అనుమతి కావాలి. ఈ నాలుగు మాటలు గుర్తుంటే వార్డు కార్యాలయంలో లేదా పంచాయతీలో అర్జీ పెట్టేటప్పుడు దయచేయమని అడగనక్కరలేదు, మా వాటా ఇవ్వండని అడగవచ్చు.

పని చేసే పద్ధతి

1. లెక్క రాయడం: వీధి పొడవు అడుగులతోనైనా కొలవండి. ఎన్ని ఇళ్లు, ఎన్ని గుమ్మాలు, కరెంటు తీగలు ఏ వైపు, కాలువ ఏ వైపు, కుళాయి లేదా చేతిపంపు ఎక్కడ, ఖాళీ జాగాలు ఎన్ని అన్నీ ఒక పటంలో గీయండి. ఖాళీ జాగా ఎవరిదో పంచాయతీలో లేదా రెవెన్యూ కార్యాలయంలో కనుక్కోండి. ప్రైవేటు జాగా అయితే యజమాని సమ్మతి రాతపూర్వకంగా ఉండాలి.

2. సమావేశం: వీధివారందరినీ ఒక సాయంత్రం కూర్చోబెట్టండి. ఆడవారి మాట ముందు వినండి, ఎందుకంటే నీళ్ల కష్టం తెలిసినది వారికే. డ్వాక్రా సంఘం ఉంటే వారిని కలుపుకోండి.

3. గుంతలు: మే నెలలోనే తవ్వాలి. చిన్న చెట్లకు ఒకటిన్నర అడుగు, పెద్ద చెట్లకు రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు. కొన్ని వారాలు ఎండనిస్తే పురుగు, తెగులు తగ్గుతాయి. పూడ్చేటప్పుడు పైమట్టిలో మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపాలి. జూన్, జూలైలో నేల బాగా తడిసే వాన పడ్డాక నాటాలి.

4. మొక్కల ఎంపిక: తీగలు లేని వైపు, చోటు ఉంటే వేప, కానుగ, నేరేడు వేయవచ్చు. కానుగ ఆకును మేకలు అంతగా ముట్టవు కాబట్టి మన వీధులకు అనుకూలం. తీగల కింద పారిజాతం, నందివర్ధనం, మందారం వంటి పొట్టి మొక్కలు చాలు. పొగడ మెల్లగా పెరిగినా నీడ, సువాసన రెండూ ఇస్తుంది. రావి, మర్రి చెట్లు ఇంటి గోడలకు, కాలువలకు దగ్గరగా వద్దు. గన్నేరు విషమొక్క, పిల్లలు ఆడే చోట పెట్టకూడదు. త్వరగా పెరుగుతుందని ఒకప్పుడు చాలా పట్టణాల్లో వేసిన కోనోకార్పస్ మీద అలర్జీ, పైపుల్లోకి వేర్లు చొచ్చుకుపోవడం వంటి ఫిర్యాదులు వచ్చాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దానిని నాటడం నిషేధించింది.

వీధి అంతా ఒకే జాతి వేయకూడదు. 2021 ప్రాంతంలో తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్లు కొమ్మలు ఎండిపోయే తెగులుతో మాడిపోయినట్లు కనిపించాయి. వాటిలో చాలా చెట్లు తర్వాత చిగురించాయి. కాని వీధి అంతా వేపే ఉంటే ఆ ఏడాది నీడే ఉండదు. నాలుగైదు జాతులు కలిపి వేయడం క్షేమం.

5. నీళ్ల లెక్క: ఇదే అసలు పరీక్ష. 100 మీటర్ల వీధికి రెండు వైపులా ఆరు మీటర్ల దూరంలో వేస్తే సుమారు 34 మొక్కలు పడతాయి. గుమ్మాలు, స్తంభాలు వదిలేస్తే 30 అనుకుందాం. వాన లేని రోజుల్లో ఒక్కో మొక్కకు 10 లీటర్లు, వారానికి రెండుసార్లు. మొత్తం వారానికి 600 లీటర్లు. ఇంత నీళ్లు ఒక్కరు మోయలేరు. కాని 15 ఇళ్లు తలా రెండు మొక్కలు తీసుకుంటే ఇంటికి వారానికి 40 లీటర్లు, అంటే మూడు బిందెలలోపే. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు, చేతిపంపు దగ్గర వృథాగా పోయే నీళ్లు ఇందుకు సరిపోతాయి. మొక్క చుట్టూ ఎండుటాకులు పరిస్తే తడి ఎక్కువ రోజులు ఉంటుంది.

6. రక్షణ: ఇనుప ట్రీ గార్డు దొరికితే మంచిదే. లేకపోతే నాలుగు కర్రలు పాతి తుమ్మకంప చుట్టండి. గాలికి వంగకుండా ఊతకర్ర కట్టి, కట్టిన తాడును కాండం లావెక్కే కొద్దీ వదులు చేస్తుండాలి.

చిన్న పార్కు

పార్కు అనగానే ఎకరాలు గుర్తుకొస్తాయి. న్యూయార్క్ నగరం నడిబొడ్డున 1967లో తెరిచిన పేలీ పార్కు ఎకరంలో పదో వంతు మాత్రమే, మన లెక్కలో నాలుగు గుంటలు లేదా పది సెంట్లు. ఆ నగరంలోనే 1973లో లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి ఇరుగుపొరుగువారితో కలిసి చెత్త నిండిన ఒక ఖాళీ స్థలాన్ని శుభ్రం చేసి తోట వేసింది. మరుసటి సంవత్సరం నగర పాలక సంస్థ ఆ స్థలాన్ని నెలకు ఒక డాలరు అద్దెకు వారికే ఇచ్చింది. ముందు పని కనిపించింది, తర్వాత కాగితం వచ్చింది. మనం మాత్రం కాగితం, పని రెండూ జోడుగా నడిపించడం మేలు, లేకపోతే పెరిగిన తోటను ఎవరో ఒకరు తమదనవచ్చు.

మనకు రెండు గుంటలు, అంటే ఐదు సెంట్లు, 242 చదరపు గజాలు దొరికినా చాలు. మధ్యలో లేదా పడమటి వైపు ఒక నీడచెట్టు, దాని చుట్టూ కూర్చునే అరుగు. అంచున గోరింట కంచె. పిల్లలకు ఒక మూల ఇసుక. ఒక దీపం. పుస్తకం చదువుకోవడానికి ఒక బల్ల. దీపం ఎందుకంటే, దీపం లేని పార్కులో సాయంత్రం ఆడపిల్లలు కూర్చోలేరు. బల్ల ఎందుకంటే, ఒకే గది ఇంట్లో పదో తరగతి చదివే పిల్లకు ఆ బల్లే చదువుగది. మొదట వయ్యారిభామను పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని పీకెయ్యాలి. దాని పుప్పొడి దగ్గు, దురద తెస్తుంది. నీళ్లు నిలిచే గుంటలు పూడ్చాలి, లేకపోతే పార్కు కంటే ముందు దోమలు వస్తాయి.

హాస్టల్ విద్యార్థి క్యాలెండరు

మనకున్న ఇబ్బంది ఏమిటంటే, ఏడాదిలో ఎక్కువ రోజులు హాస్టల్లోనే ఉంటాం. మొక్క మాత్రం వీధిలో ఉంటుంది. అందుకే సెలవులను బట్టి పని పంచుకోవాలి. వేసవి సెలవుల మొదటి వారంలో వీధి లెక్క, సమావేశం. మే నెలలో గుంతలు. హాస్టలుకు తిరిగివచ్చే ముందు, తొలకరి పడితే, నాటడం. ఆలస్యమైతే ఆ పనిని ఇంటి దగ్గర ఉన్నవారికి అప్పగించి రావాలి. దసరా సెలవుల్లో చచ్చినవాటి స్థానంలో కొత్తవి. సంక్రాంతికి పాదులు, కంప సరిచేయడం. ఫిబ్రవరి నుంచి మే దాకా నీళ్లు పోసేది మన తల్లిదండ్రులు, తమ్ముళ్లు, చెల్లెళ్లు. కాబట్టి ప్రతి మొక్కకు ఒక ఇంటి పేరు రాసి ఉంచాలి. పేరు లేని మొక్క వేసవి దాటదు.

పూర్వ విద్యార్థులైన అన్నలూ, అక్కలూ ఇందులో చేయగలిగింది చాలా ఉంది. ఉద్యోగాలలో ఉన్నవారు ట్రీ గార్డులు, ఒక వీధి దీపం ఇప్పించవచ్చు. అర్జీ రాయడంలో, కార్యాలయానికి తోడుగా రావడంలో సహాయపడవచ్చు. తమ పాత వీధికి ఒకసారి వచ్చి పార పట్టినా పిల్లలకు అదే పెద్ద ధైర్యం.

ముగింపు

కర్ణాటకలోని హులికల్ గ్రామానికి చెందిన తిమ్మక్క బడికి వెళ్లలేదు, కూలి పని చేసుకుని బతికింది. భర్తతో కలిసి కూదూరు దారిలో సుమారు నాలుగు కిలోమీటర్లు మర్రి మొక్కలు నాటి, బిందెలతో నీళ్లు మోసి పెంచింది. నిలిచిన చెట్లు 385. 2019లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. మన ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వాసి వనజీవి రామయ్య భార్య జానమ్మ తోడుగా జీవితమంతా విత్తనాలు చల్లుతూ, మొక్కలు నాటుతూ గడిపారు. 2017లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. వీరిద్దరి దగ్గరా మొదట డబ్బు లేదు, పదవి లేదు. నాటిన మొక్క దగ్గరికి మరునాడు మళ్లీ వెళ్లే అలవాటు ఉంది.

మనం కోట్ల మొక్కల లెక్క చెప్పనక్కరలేదు. ఒక హాస్టల్లో 100 మంది ఉంటే, తలా తమ వీధిలో మూడు మొక్కలు మూడేళ్లు బతికించినా 300 చెట్లు. వచ్చే వార్షికోత్సవ సంచికలో ఎన్ని నాటామో కాక, ఎన్ని బతికాయో, ఏ వీధిలో ఎవరి ఇంటి ముందు ఉన్నాయో పేర్లతో సహా ఒక పట్టిక అచ్చు వేద్దాం. ఆ పట్టికలో మీ వీధి పేరు ఉండాలని కోరుకుంటూ సెలవు.